స్టీలు ప్లేటు అన్న మాట దగ్గర మొదలైన పొరపాటు: ఇంటి విద్యుద్విశ్లేషణలో ఆనోడు ఎంపికపై ఒక కేస్ స్టడీ

నేను డిగ్రీ కళాశాలలో రసాయనశాస్త్రం బోధిస్తాను. ఇంట్లో చిన్న చిన్న ప్రయోగాలు చేసుకునేవాళ్లు, వెండి బంగారు పూత పనివాళ్లు, సైన్స్ ఫెయిర్‌కు నమూనాలు తయారుచేసే పిల్లల తల్లిదండ్రులు సలహా కోసం ప్రయోగశాలకు వస్తూ ఉంటారు. వాళ్లలో ఎక్కువమంది అడిగే ప్రశ్న ఒక్కటే: కరగకుండా, విరగకుండా ఎక్కువ కాలం నిలిచే ఆనోడు (ధనధ్రువానికి కలిపి నీళ్లలో ముంచే రేకు లేదా కడ్డీ) ఏది? ఈ ప్రశ్నకు నేను చాలాకాలం ఒక లోహం పేరు చెప్పి పంపేవాణ్ని. ఇక్కడ రాస్తున్న కేసు తర్వాత అలా చెప్పడం మానేశాను. సంబంధిత వ్యక్తి అనుమతితోనే ఇది రాస్తున్నాను. ఆయన ఊరు, ఉద్యోగం, కాలం తెలిపే వివరాలు తీసివేశాను.

నేపథ్యం

ఆయన కోస్తా జిల్లాల్లోని ఒక పట్టణంలో ఉంటారు. వయసు నలభై దాటింది. తండ్రిగారు వడ్రంగి. తండ్రి పోయాక పనిముట్ల పెట్టె అటక మీదికి చేరింది, పైకప్పు కారి ఏళ్ల తరబడి వాన నీటికి తడిసింది. పెట్టె దించేసరికి బాడిస, మూడు ఉలులు, బర్మా, చేతి రంపం, రెండు చిత్రిక బ్లేడులు తుప్పుతో ఒకదానికొకటి అంటుకుపోయి ఉన్నాయట. గ్రైండింగ్ షాపుకి ఇస్తే తుప్పుతోపాటు మంచి ఇనుమూ పోతుందని, తండ్రి చేతితో పట్టిన పదును ఆనవాళ్లు చెరిగిపోతాయని ఆయన భయపడ్డారు. ఆ భయం సరైనదే. అందుకే సోడా నీళ్లలో విద్యుత్తు పంపి తుప్పు వదిలించే విద్యుద్విశ్లేషణ పద్ధతిని ఎంచుకున్నారు. విద్యుద్విశ్లేషణలో పనిముట్టును ఋణధ్రువానికి కలుపుతాం కాబట్టి దాని ఇనుము కరగదు. దాని మీద పుట్టే హైడ్రోజన్ బుడగలు తుప్పును వదులు చేస్తాయి, తుప్పులో కొంత భాగం మాగ్నటైటు అనే నల్లని ఇనుప ఆక్సైడుగా మారి బ్రష్షుతో రుద్దగానే ఊడిపోతుంది. పద్ధతి ఎంపికలో ఆయన తప్పేమీ చేయలేదు.

ఇరవై లీటర్ల ప్లాస్టిక్ బకెట్టు, పెరట్లోని బోరు నీళ్లు, లీటరుకు పది గ్రాముల లెక్కన రెండు వందల గ్రాముల చాకలి సోడా (సోడియం కార్బొనేటు), పాత కారు బ్యాటరీ ఛార్జరు: ఇంతే ఆయన సరంజామా. ధనధ్రువానికి ఏం కలపాలో ఆయన చదివిన సూచనల్లో 'స్టీల్ ప్లేట్' అని ఉంది.

ఈ మాట దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే కేసంతా దీని మీదే నడిచింది. ఇంగ్లీషులో రాసినవాళ్ల ఉద్దేశం మామూలు ఇనుప రేకు. మన ఇళ్లలో ఆ లోహాన్ని ఇనుము అంటాం. స్టీలు అంటే స్టెయిన్‌లెస్ స్టీలే. స్టీలు గ్లాసు, స్టీలు బిందె, స్టీలు డబ్బా అన్నట్టే స్టీలు ప్లేటు అంటే అన్నం తినే కంచం. ఆయన ఇంట్లోని పాత కంచాన్ని రేకు కత్తెరతో రెండు ముక్కలు చేసి, ఒక ముక్కను ధనధ్రువానికి కలిపారు. తెలుగువాడు ఎవరైనా అలాగే చదువుతాడు.

ఆయన తెచ్చిన సమస్య

ఆయన నా దగ్గరికి ఒక నీళ్ల సీసా, కాగితంలో చుట్టిన కంచం ముక్క తీసుకొని వచ్చారు. "మాస్టారూ, తుప్పు బాగానే వదులుతోందండి. కంచమే నాలుగు రోజులకు జల్లెడలా అయిపోతోంది. అరిగిపోనిది ఏదైనా చెప్పండి," అన్నారు. నీళ్ల రంగు గురించి నేను అడిగేదాకా ఆయన ప్రస్తావించలేదు. అది తుప్పు రంగే అనుకున్నారు.

సీసా అడుగున గోధుమ రంగు మడ్డి పేరుకుని ఉంది. దానిపైన ఉన్న ద్రవం మాత్రం తేటగా, నిమ్మపండు పసుపులో మెరుస్తోంది. నాకు మొదటి అనుమానం ఆ తేటదనం మీదే కలిగింది. చాకలి సోడా ద్రావణం బాగా క్షారం. అందులో తుప్పు కరగదు, మడ్డిగా అడుగుకు చేరుతుంది. వడపోత కాగితంలో రెండుసార్లు వడకట్టాను. గోధుమ మడ్డి కాగితం మీద మిగిలింది, పసుపు మాత్రం కాగితం దాటి గొట్టంలోకి వచ్చేసింది. వడపోతకు చిక్కని పసుపు తుప్పుది కాదు.

అయిదు మిల్లీలీటర్లు పరీక్షనాళికలో తీసుకొని, పొంగు ఆగేదాకా సజల సల్ఫ్యూరిక్ ఆమ్లం చుక్కలుగా వేసి, డైఫినైల్ కార్బజైడ్ ద్రావణం కలిపాను. నేరేడుపండు రంగు వచ్చింది. స్వేదనజలంతో నూరు రెట్లు పలచన చేసి మళ్లీ చూసినా ఊదా ఛాయ స్పష్టంగా కనబడింది. ఆరు వేలెన్సీ క్రోమియం, అంటే క్రోమేటు ఉందనడానికి ఇది నమ్మదగిన గుర్తు. భారత ప్రమాణాల సంస్థ తాగునీటి ప్రమాణం మొత్తం క్రోమియంను లీటరుకు 0.05 మిల్లీగ్రాముల దగ్గరే ఆపింది. ఆరు వేలెన్సీ క్రోమియం క్యాన్సర్ కారకం. ఆయన ఈ నీళ్లలో వట్టి చేతులు పెట్టి పనిముట్లు తీస్తూ వచ్చారు.

కంచం ముక్కను కిటికీ వెలుతురులో పట్టుకుని చూశాను. మునిగిన భాగమంతా గుండుసూది మోపినట్టు చిల్లులు పడి ఉంది. నీటిమట్టం దగ్గర రేకు బ్లేడంత పలచబడి, వేలితో నొక్కితే వంగిపోయింది. స్టెయిన్‌లెస్ స్టీలుకు తుప్పు పట్టకుండా కాపాడేది దానిపై ఉండే అతి పలుచని క్రోమియం ఆక్సైడు పొర. అన్నం కంచంగా ఉన్నంతకాలం ఆ పొర చెక్కుచెదరదు. ఆనోడుగా మార్చి తగినంత వోల్టేజీ పెడితే మాత్రం ఆ పొరలోని మూడు వేలెన్సీ క్రోమియమే ఆరు వేలెన్సీకి ఎక్కి, నీటిలో కరిగే క్రోమేటుగా జారిపోతుంది. కాపలా ఉన్న పొరే కరిగి వెళ్లిపోతుందన్నమాట. మంచి రకం పాత్రల్లో క్రోమియం 18 శాతం, నికెల్ 8 శాతం దాకా ఉంటాయి. చవక పాత్రల్లో నికెల్ తగ్గించి మాంగనీస్ కలిపిన రకాలూ ఉన్నాయి. రకం ఏదైనా క్రోమియం లేని స్టెయిన్‌లెస్ స్టీలు లేదు కనుక, 'ఇంకా మంచి స్టీలు కొంటే ఆగుతుందా?' అన్న ఆయన ప్రశ్నకు నా సమాధానం లేదనే.

ముందుగా ఆపవలసినవి

ఆనోడు మాట తర్వాత చూద్దామని, మూడు పనులు ముందు పెట్టుకున్నాం.

ఒకటి, స్థలం. ఆయన ఈ పని రాత్రిపూట స్నానాలగదిలో చేస్తున్నారు, తుంపర లేవకుండా బకెట్టుకి మూత కూడా పెడుతున్నారు. మూడు ఆంపియర్లు ఎనిమిది గంటలు నడిస్తే 24 ఆంపియర్-గంటలు. దానికి మన ఎండల్లో సుమారు 11 లీటర్ల హైడ్రోజన్, అందులో సగం ఆక్సిజన్ పుడతాయి. గది మొత్తం మీద చూస్తే ఇది చిన్న పాలే. మూత కింద ఖాళీలో మాత్రం ఈ రెండూ సరిగ్గా పేలడానికి అనువైన పాళ్లలోనే కలిసి ఉంటాయి. గాలిలో నాలుగు శాతం హైడ్రోజన్ చేరినా నిప్పురవ్వకు అంటుకుంటుంది. ఛార్జరు ఆపకుండా క్లిప్పు పీకితే వచ్చే రవ్వ చాలు. మూత తీసేసి, బకెట్టును పెరట్లో చూరు కిందికి మార్చి, గోడ దగ్గర స్విచ్చి ఆపిన తర్వాతే క్లిప్పులు ముట్టుకోవాలని నియమం పెట్టుకున్నాం.

రెండు, మిగిలిన పసుపు నీళ్లు. క్రోమేటును ప్రమాదం తక్కువైన మూడు వేలెన్సీ క్రోమియంగా మార్చడానికి అన్నభేది (ఫెర్రస్ సల్ఫేటు) సరిపోతుంది. ఒక్కో క్రోమియం అయానుకు మూడు ఫెర్రస్ అయాన్లు కావాలి, కొంత ఎక్కువే వేశాం. గాజు కడ్డీతో కలుపుతుండగా పసుపు విరిగి, మురికి ఆకుపచ్చ కలిసిన గోధుమ రంగు గుజ్జు దిగింది. పైతేటలో కార్బజైడ్ పరీక్షకు ఊదా రంగు రాలేదని చూశాకే గుజ్జును ఎండబెట్టి, కళాశాల ప్రయోగశాల వ్యర్థాలతోపాటు ప్రమాదకర వ్యర్థాల సేకరణకు పంపాం.

మూడోది నన్ను ఎక్కువ కలవరపెట్టింది. మొదటి బకెట్టు నీళ్లు ఆయన అప్పటికే కరివేపాకు చెట్టు మొదట్లో పోసేశారు. క్రోమేటు నేలలో నీటితోపాటు కదిలిపోతుంది. తమిళనాడులోని రాణిపేటలో మూతపడిన క్రోమేటు కర్మాగారపు వ్యర్థాల గుట్ట భూగర్భ జలాన్ని ఎంత పాడుచేసిందో ఈ రంగంలో పనిచేసేవాళ్లందరికీ తెలుసు. ఒక బకెట్టుకు దానితో పోలిక లేకపోయినా, గుణం అదే. బోరు అక్కడికి పదడుగుల దూరంలో ఉంది. చెట్టు చుట్టూ మూరెడు లోతు మట్టి తీసి బస్తాల్లో వేరుగా ఉంచి, గుంటలో అన్నభేది ద్రావణం, మాగిన పశువుల ఎరువు వేశాం. సేంద్రియ పదార్థం కూడా క్రోమేటును నెమ్మదిగా తగ్గిస్తుంది. బోరు నీటిని అప్పటినుంచి నెలకొకసారి పరీక్షిస్తున్నాను; ఇంతవరకు ఊదా రంగు కనబడలేదు. ఆ చెట్టు ఆకు కోయవద్దని చెప్పాను, ఇంట్లోవాళ్లు చెట్టునే తీసేశారు.

కంచానికి ముందు ఆయన చేసినవి

కంచం కన్నా ముందు ఆయన టార్చి బ్యాటరీల్లోని కార్బన్ కడ్డీలు వాడి చూశారట. ఒక్క పూటలో నీళ్లు సిరా పోసినట్టు నల్లబడ్డాయి, రెండో రోజు కడ్డీ నీటిమట్టం దగ్గర విరిగింది. కార్బన్ కరగదని పాఠ్యపుస్తకాల్లో చదివాను కదా అని ఆయన అడిగారు. కార్బన్ కరగని మాట నిజం, కానీ ఆనోడు మీద పుట్టే ఆక్సిజన్ దాన్ని కాలుస్తుంది. కొంత కార్బన్ డయాక్సైడుగా పోతుంది, రేణువుల మధ్య బంధం తెగి మిగిలినది పొడిగా రాలుతుంది.

ఆయన విషయంలో ఇంకో కారణం కూడా ఉంది, లెక్క వేస్తేనే బయటపడింది. ఎనిమిది మిల్లీమీటర్ల మందం కడ్డీ అయిదు సెంటీమీటర్లు మునిగితే దాని ఉపరితలం సుమారు 12.5 చదరపు సెంటీమీటర్లు. రెండు కడ్డీలకు కలిపి 25. మూడు ఆంపియర్లు ఆ కాస్త చోటు మీద పడితే చదరపు సెంటీమీటరుకు 120 మిల్లీఆంపియర్లు. అదే మూడు ఆంపియర్లను 600 చదరపు సెంటీమీటర్ల రేకు మీద పరిస్తే చదరపు సెంటీమీటరుకు అయిదే. ఇరవైనాలుగు రెట్ల భారం ఆ కడ్డీల మీద పెట్టి, కార్బన్ పనికిరాదని తేల్చడం న్యాయం కాదు. అయినా తక్కువ ప్రవాహంలోనూ అది నెమ్మదిగా రాలుతుంది, ఆ నల్లపొడి పనిముట్టు గరుకుల్లో ఇరుక్కుంటుంది. అందువల్ల మళ్లీ దాని జోలికి పోలేదు.

అదే రోజుల్లో ఆయన ఒక రాగి క్లిప్పును పొరపాటున నీళ్లలో ముంచారు. ఉలి మీద ఎర్రని రాగి పూత పల్చగా ఎక్కింది. ఆ ఉలిని ఆయన తెచ్చి చూపించారు. మొన దగ్గర రాగి గీత ఇంకా ఉంది. ఆనోడు వైపు మునిగి కరిగే ఏ లోహమైనా చివరికి పనిముట్టు మీదికో, నీళ్లలోకో, మడ్డిలోకో చేరాల్సిందే. ఆయనకు విషయం బాగా అర్థమైంది నా వివరణతో కాదు, ఆ ఎర్ర గీతతోనే.

బ్యాటరీ దుకాణంవాళ్లు ఇచ్చిన సీసపు పలకలు కూడా ఆయన దగ్గర ఉన్నాయి. వాటిని వాడనివ్వలేదు. సల్ఫ్యూరిక్ ఆమ్లంలో సీసం మీద లెడ్ డయాక్సైడు పొర కట్టి నిలుస్తుంది, కారు బ్యాటరీ పనిచేసేది అలాగే. క్షారంలో ఆ రక్షణను నమ్ముకోలేం, ఇంట్లో చిన్నపిల్లలు కూడా ఉన్నారు. జింకు పూత వేసిన రేకుదీ అదే కథ, పూత క్షారంలో కరిగిపోతుంది.

నా మొదటి సలహా, అది తప్పిన తీరు

మామూలు ఇనుము వాడమన్నాను. నా ఆలోచన ఇది: చాకలి సోడా ద్రావణం క్షారత పదకొండు పీహెచ్ దాటి ఉంటుంది, అందులో ఇనుము మీద నిష్క్రియ పొర, అంటే లోహాన్ని కరగకుండా కాపాడే పలుచని ఆక్సైడు పొర, ఏర్పడుతుంది, కాబట్టి ప్రవాహం ఎక్కువ భాగం ఆక్సిజన్ పుట్టించడానికే పోతుంది. కొంత అరిగినా నీళ్లలోకి వచ్చేది తుప్పే, అది మనకు తెలిసిన పదార్థమే. గ్రిల్లు పని షాపులో నాలుగు ఇనుప పట్టీలు కోయించి, పైపొర పోయేదాకా ఎమిరీ కాగితంతో రుద్ది, బకెట్టు చుట్టూ నాలుగు వైపులా నిలబెట్టాం. తుప్పు వదలడం ఆనోడుకు ఎదురుగా ఉన్న ముఖం మీదే బాగా జరుగుతుంది. చుట్టూ పెడితే పనిముట్టును మాటిమాటికీ తిప్పనక్కర్లేదు.

రెండు రోజులకే ఆయన ఫోన్ చేశారు. నీళ్లు గోధుమ రంగు గంజిలా చిక్కబడ్డాయి, పట్టీల మీద గుంటలు పడ్డాయి. పట్టీలు తెప్పించి తూచాను. 24 ఆంపియర్-గంటల్లో తొమ్మిది గ్రాములు తగ్గాయి. పంపిన విద్యుత్తుకు తగ్గట్టే లోహం కరుగుతుందనే ఫెరడే నియమం ప్రకారం, ప్రవాహమంతా ఇనుమును కరిగించడానికే పోతే ఒక్కో ఆంపియర్-గంటకు 1.04 గ్రాముల చొప్పున మొత్తం 25 గ్రాములు పోవాలి. అంటే మూడోవంతుకు పైగా ప్రవాహం ఇనుమును తింటోంది. నిష్క్రియ పొర కట్టిన ఇనుము అలా ప్రవర్తించకూడదు. ఏదో ఆ పొరను చీలుస్తోంది.

అప్పుడు అడిగాను, మొదటి రోజే అడగవలసిన ప్రశ్న: నీళ్లు ఎక్కడివి?

బోరు నీళ్లు తెప్పించాను. కాస్త ఉప్పన, సోడా వేయగానే పాలలా విరిగి కాల్షియం కార్బొనేటు దిగింది. పనిముట్ల మీద తెల్లని పక్కు ఎందుకు కడుతోందో దానితోనే తెలిసింది. క్లోరైడు కోసం సిల్వర్ నైట్రేట్ వేయబోతూ ముందు నైట్రిక్ ఆమ్లంతో ఆమ్లీకరించాను; ఇది మరిచిపోతే కార్బొనేటు కూడా తెల్లని అవక్షేపం ఇచ్చి మోసగిస్తుంది, విద్యార్థులు ఏటా చేసే తప్పు ఇది. పెరుగు తరకల్లాంటి తెల్లని అవక్షేపం వెంటనే దిగింది. అనుమాపనంలో (టైట్రేషన్‌లో) క్లోరైడు లీటరుకు తొమ్మిది వందల మిల్లీగ్రాములకు దగ్గరగా వచ్చింది. తాగునీటికి కోరదగిన పరిమితి 250, వేరే దారి లేనప్పుడు అనుమతించే గరిష్ఠం 1000. సముద్రానికి దగ్గరి ఊళ్లలో ఇలాంటి బోర్లు సాధారణమే.

ఇనుము, స్టెయిన్‌లెస్ స్టీలు రెండింటి నిష్క్రియ పొరలకూ క్లోరైడే శత్రువు. పొరలో ఒకచోట చీలిక దొరికితే అక్కడే గుంట తవ్వుతుంది. కంచం మీది గుండుసూది చిల్లులకు కూడా ఇప్పుడు పూర్తి కారణం దొరికింది: క్రోమేటుగా కరగడం వోల్టేజీ పని, చిల్లులు పడడం ఉప్పునీటి పని. ప్రవాహం పెరగడానికి సోడాకు బదులు ఉప్పు వేయమనే సలహా నా చెవిన చాలాసార్లు పడింది. ఉప్పు వేస్తే ఆనోడు దగ్గర క్లోరిన్ పుడుతుంది, ఆనోడూ పాడవుతుంది, ఊపిరితిత్తులూ పాడవుతాయి. ఈయన ఉప్పు వేయలేదు. ఆయన తెలియకుండానే బోరు ఆ పని చేసింది.

అవే పట్టీలను మళ్లీ రుద్ది, ఆర్‌ఓ ప్లాంటు క్యాన్ నీళ్లలో అంతే సోడా వేసి, అంతే సేపు నడిపించాం. తరుగుదల అర గ్రాము కూడా లేదు. లోహం మారలేదు, ప్రవాహం మారలేదు, ఛార్జరూ మారలేదు. నీళ్లు ఒక్కటే మారాయి.

నిలిచే ఆనోడు కోసం వెతుకులాట

ఇక్కడితో ఆగిపోవచ్చు. ఆయన పెట్టెడు పనిముట్లకు ఇనుప పట్టీలు, క్యాన్ నీళ్లు సరిపోతాయి. అయితే ఈలోగా చుట్టుపక్కల వాళ్లు కొడవళ్లు, గునపాలు, ఒక పాత కమ్మరి దాగలి కూడా తెచ్చి ఇవ్వడం మొదలుపెట్టారు. దాగలిలాంటి బరువైన వస్తువుకు రోజుల తరబడి ప్రవాహం నడపాలి. ఇనుప పట్టీల మీద గోధుమ పొర కట్టి ప్రవాహం రెండు ఆంపియర్ల నుంచి ఒకటికి పడిపోయేది, రోజూ తీసి గీకాల్సి వచ్చేది. అందుకే ఆయన అడిగిన 'అరిగిపోనిది' అన్న కోరికకు ఇప్పుడు అర్థం ఉంది.

నికెల్ గురించి ఆలోచించాను. పరిశ్రమల్లో క్షార ద్రావణంతో హైడ్రోజన్ తయారుచేసే యూనిట్లలో నికెల్ లేదా నికెల్ పూత వేసిన ఉక్కు ఎన్నో ఏళ్లుగా నిలుస్తోంది. అక్కడ వాడేది గాఢమైన కాస్టిక్ ద్రావణం. కంట్లో చుక్క పడితే చూపు పోయే ద్రావణాన్ని పిల్లలు తిరిగే పెరట్లో బకెట్టులో పెట్టమని నేను చెప్పలేను. పలచని సోడాలో, క్లోరైడు వచ్చే అవకాశమున్నచోట నికెల్‌కు అంత భరోసా లేదు.

తర్వాత ఆయనే పాత ఇనుము కొట్టు నుంచి ఒక టైటానియం రేకు సంపాదించారు. టైటానియం తుప్పు పట్టదని విన్నారు. నేను ఫలితం ముందే చెప్పగలను, కానీ చెప్పకుండా కలపనిచ్చాను, ఎందుకంటే చూడవలసిన దృశ్యం అది. ఛార్జరు వేయగానే అమ్మీటరు ముల్లు ఒక్కసారి లేచి, మనం చూస్తుండగానే సున్నా దగ్గరికి జారిపోయింది. రేకు పైకి తీస్తే మునిగినంత మేర లేత కంచు బంగారు రంగు తిరిగింది, నీటిమట్టం దగ్గర గీత గీసినట్టు ఆగింది. టైటానియం తన మీద తానే ఆక్సైడు పొర కట్టుకుంటుంది. ఆ పొర విద్యుత్తును దాటనివ్వదు. రంగు ఆ పొర మందం వల్ల వచ్చినదే. రేకు నూటికి నూరుపాళ్లు మన్నుతుంది, పని మాత్రం చేయదు. మన్నిక ఒక్కటే చూసి ఆనోడు ఎంచుకోకూడదనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నా దగ్గర లేదు.

ఈ టైటానియం స్వభావాన్నే ఆధారం చేసుకుని హెన్రీ బీర్ అనే రసాయనవేత్త 1965లో పేటెంటు తీసుకున్నారు. విద్యుత్తును ప్రవహింపజేసే రుథీనియం ఆక్సైడును టైటానియం మీద పూతగా కాల్చి ఎక్కిస్తే, పూత పని చేస్తుంది, పూత గీసుకుపోయినచోట టైటానియం తనను తాను మూసుకుంటుంది. క్లోరిన్, కాస్టిక్ సోడా పరిశ్రమలో అంతకుముందు అరుగుతూ వచ్చిన గ్రాఫైటు ఆనోడులను ఇవే తొలగించాయి. మిశ్రమ లోహ ఆక్సైడు పూత అని, వాడుకలో ఎంఎంఓ అని వీటిని పిలుస్తారు.

ఇలాంటి పూత వేసిన టైటానియం జాలీ (వలలాంటి రేకు) కొనేటప్పుడు నేను పట్టుబట్టిన విషయం పూత రకం. మార్కెట్లో ఈత కొలనుల క్లోరినేటర్లకు వాడే రుథీనియం పూత జాలీలు సులభంగా దొరుకుతాయి. అవి క్లోరిన్ పుట్టించడానికి తగినవి. మన బకెట్టులో పుట్టేది ఆక్సిజన్. ఆ పరిస్థితిలో రుథీనియం ఆక్సైడు ఇంకా పై ఆక్సైడుగా మారి క్రమంగా పోతుంది. ఇరిడియం, టాంటలం ఆక్సైడుల పూత ఆక్సిజన్ కోసం తయారైనది. కాస్త ధర ఎక్కువ. పది సెంటీమీటర్ల వెడల్పు, ఇరవై సెంటీమీటర్ల పొడవు ఉన్న జాలీలు రెండు తెప్పించుకున్నాం.

పెట్టిన షరతులు కొన్నే. రెండు ఆంపియర్లు దాటకూడదు. అందుకు ఛార్జరు పక్కన పెట్టి, ప్రవాహం మీద పరిమితి పెట్టగల విద్యుత్ సరఫరా యూనిట్ కొన్నారు. శుభ్రం చేయడానికని వైర్లు ఎప్పుడూ తారుమారు చేయకూడదు. ఋణధ్రువంగా పనిచేస్తే టైటానియంలోకి హైడ్రోజన్ చేరి పూత వదులవుతుంది. వైరు బిగించిన చోటు నీటిపైనే ఉండాలి.

ఒకసారి క్యాన్ నీళ్లు అయిపోయి, జాలీ ఎలాగూ పాడవదు కదా అని ఆయన బోరు నీళ్లు పోశారు. పావుగంటకే బ్లీచింగ్ పౌడరు వాసన వచ్చిందని ఆపి ఫోన్ చేశారు. జాలీకి ఏమీ కాలేదు. బోరులోని క్లోరైడు ఆనోడు దగ్గర క్లోరిన్‌గా, సోడాలో హైపోక్లోరైటుగా మారింది, అప్పుడే శుభ్రమైన కొడవలి మీద గంటలోపే కొత్త తుప్పు ఛాయ కనబడింది. ఆనోడు మన్నినంత మాత్రాన నీళ్ల ప్రశ్న తీరలేదు. అప్పటినుంచి ఆయన కొత్తగా నింపిన ప్రతి బకెట్టు నీటిని, సోడా వేయకముందే, నేనిచ్చిన నైట్రిక్ ఆమ్లం, సిల్వర్ నైట్రేట్ చుక్కలతో చూసుకుంటున్నారు.

ఇలాంటి కేసు వస్తే ఇప్పుడు నేను చేసేది

లోహం పేరు చివర అడుగుతాను. ముందు నీళ్లు ఎక్కడివి, అందులో ఏం కలిపారు, ఎన్ని ఆంపియర్లు, మునిగిన చోటు ఎంత, మొత్తం ఎన్ని గంటలు నడుపుతారు అని అడుగుతాను. ఆ తర్వాత, ఈ ఆనోడు అరిగితే అరిగినది ఏమవుతుందని అడుగుతాను. ఇది అన్నిటికన్నా ముఖ్యమని నా నమ్మకం. ఇనుము అరిగితే తుప్పు. కార్బన్ అరిగితే మసి. స్టెయిన్‌లెస్ అరిగితే క్రోమేటు. పది ఇరవై గంటల పనికి, క్లోరైడు లేని నీటిలో, కొంత అరిగే ఇనుమును నేను నిస్సంకోచంగా సూచిస్తాను. వందల గంటల పనికే ఇరిడియం పూతకు డబ్బు పెట్టమంటాను. స్టెయిన్‌లెస్ స్టీలును ఇంటి ప్రయోగంలో ఆనోడుగా ఎవరికీ సూచించను, అది ఇనుము కన్నా ఎంత శుభ్రంగా కనబడినా సరే. అయస్కాంతానికి అంటుకుంటే ఇనుమే అనుకోవడం కూడా ప్రమాదం, కొన్ని స్టెయిన్‌లెస్ రకాలు అయస్కాంతానికి అంటుకుంటాయి. గ్రిల్లు షాపులో తుప్పు పట్టి కనబడుతున్న పట్టీని కొనడం ఇంతకంటే నమ్మకమైన గుర్తు.

తెలుగులో ఈ పద్ధతి రాసేవాళ్లకు నా విన్నపం: స్టీలు అని రాయకండి, మామూలు ఇనుము అని రాయండి.

జాలీలు ఇప్పటికి రెండు వందల గంటలకు పైగా నడిచాయి. ప్రయోగశాల త్రాసు మీద బరువులో తేడా తెలియడం లేదు. నేను బరువు కన్నా వోల్టేజీని గమనిస్తున్నాను: అదే నీళ్లు, అదే రెండు ఆంపియర్లు ఉన్నప్పుడు కావలసిన వోల్టేజీ నెలనెలా పెరుగుతూ పోతే పూత అయిపోతున్నట్టు లెక్క. ఇంతవరకు అయిదు వోల్టుల దగ్గరే ఉంది.

చిత్రిక బ్లేడులూ రంపమూ ఎక్కువసేపు హైడ్రోజన్‌లో ఉంటే పెళుసుబారతాయి కాబట్టి వాటిని గంట గంటకూ తీసి చూశాం. బాడిసను చివరి రోజు దాకా ఆపి, జాలీలతోనే శుభ్రం చేశారు. నల్లని పొర బ్రష్షుకు ఊడివచ్చాక, పిడి దూరే కన్ను పక్కన మేకు మొనతో కొట్టిన చుక్కలు వరసగా కనబడ్డాయి. ఆయన ఆ చుక్కల మీద వేలు పెట్టి తడిమి, అది తండ్రిగారి పేరులో మొదటి అక్షరమన్నారు.